ఐదొందల ఏళ్ల కుర్రాడు

అట్ట మీద కత్తి, కిరీటం, ముళ్లతీగ. లోపల రంగుల మ్యాపు. మ్యాపు ఉన్నంత మాత్రాన కథ నడుస్తుందని పూచీ ఏమీ లేదు. 2015లో సారా జె. మాస్ ‘ఎ కోర్ట్ ఆఫ్ థార్న్స్ అండ్ రోజెస్’ విరగబడి అమ్ముడుపోయాక, ఈ ఫే (పాశ్చాత్య జానపదాల మాయజాతి) నవలల పేర్లన్నీ ముల్లూ పువ్వూ, నెత్తురూ బూడిదా అంటూ జంటలుగానే పుడుతున్నాయి. నాకు దొరికింది ఆ సంతానంలో ఒకటి.

కథానాయికకు పంతొమ్మిదేళ్లు. ఫే రాకుమారుడికి ఐదొందల చిల్లర. అంటే హంపీలో కృష్ణదేవరాయలు కొలువు తీరిన నాటి మనిషి. ఇన్ని శతాబ్దాలు బతికి అయ్యగారు నేర్చుకున్నదల్లా గోడకు ఆనుకుని దవడ బిగించడం, ఓ కనుబొమ్మ ఎత్తడం. అవతల శత్రుసేన వంతెన దాటుతుంటే ఇవతల ఈయన అమ్మాయి గౌను రంగు మీద తర్జనభర్జన పడుతుంటాడు. సేన కూడా మర్యాదస్తులే, ఆ ముచ్చట తేలేదాకా వంతెన మీదే ఆగింది.

ఐర్లాండ్, స్కాట్లాండ్ పల్లెల్లో ఒకప్పుడు ఫేలంటే ఇంత సరసం లేదు. మనవాళ్లు మశూచిని అమ్మవారన్నట్టు, భయంతోనే వాళ్లను ‘మంచివాళ్లు’ అనేవారు. గుమ్మానికి ఇనుప లాడం కొట్టుకునేవారు. ఉయ్యాల్లో బిడ్డను మార్చేసి పోతారని వణికేవారు. 1895లో ఐర్లాండ్‌లోని టిప్పరరీలో మైకేల్ క్లియరీ అనేవాడు, ఇంట్లో ఉన్నది తన భార్య బ్రిజెట్ కాదు, ఫేలు మార్చిపెట్టిన మనిషంటూ ఆమెను తగలబెట్టాడు. జనం నమ్మిన ఫేలు అలాంటివాళ్లు.

మరి మన రాకుమారుడో? ఇనుమంటే భయం లేదట, అదంతా మనుషుల పుకారట. ఫేలు అబద్ధమాడలేరన్న నియమాన్నీ అదే వాక్యంలో ఊడ్చేశాడు. అసలు రసమంతా అక్కడే కదా! అబద్ధమాడకుండా మోసం చేయాలంటే బుర్ర కావాలి, రాకుమారుడికీ రచయితకూ. హోలీ బ్లాక్ 2018లో ‘ది క్రూయెల్ ప్రిన్స్’లో ఆ నియమాన్ని భద్రంగా ఉంచింది. అబద్ధం చేతకానివాళ్ల నడుమ పెరిగిన మనిషి పిల్ల జూడ్‌కు అబద్ధమే ఆయుధమైంది. పిల్ల ఎప్పుడు నోరు తెరుస్తుందా అని చూస్తాం. ఇక్కడ ఎవరు నోరు తెరిచినా ఆవలింత నాకే.

చివరి పేజీలో తెలిసింది, ఇది మొదటి భాగం మాత్రమేనట.

స్కాట్లాండ్‌లోని అబెర్‌ఫోయిల్‌లో రాబర్ట్ కర్క్ అనే పాస్టరు ఉండేవాడు. ఫేల గుట్టుమట్లన్నీ పుస్తకంగా రాసి, 1692లో పోయాడు. పోలేదు, గుట్టు రట్టు చేసినందుకు ఫేలే ఎత్తుకుపోయారని ఊరు చెప్పుకుంది. ఆ లెక్కన ఇప్పటి రచయితల విషయంలో ఫేలు చాలా ఓపిక పడుతున్నట్టే.