చెప్పాపెట్టకుండా స్పామ్‌లోకి

మా రోజుల్లో ఉత్తరం అందకపోతే ఎందుకందలేదో తెలిసేది. ‘ఇల్లు తాళం’, ‘ఊళ్లో లేరు’, ‘తీసుకోనన్నారు’ అని పోస్టుమేన్ కవరు మీద రాసి వెనక్కి పంపేవాడు. పంపినవాళ్ల చిరునామా కూడా లేకపోతే రిటర్న్‌డ్ లెటర్ ఆఫీసుకి వెళ్లేది. అక్కడ కవరు విప్పి, లోపలైనా చిరునామా దొరుకుతుందేమోనని వెతికేవారు. రిజిస్టరు ఉత్తరమైతే సంతకం పెట్టిన కార్డు తిరిగొచ్చేది. పెద్దాపురంలో మా వీధి పట్టుచీరల వ్యాపారులు ఆ కార్డుల్ని ఇనప తీగకి గుచ్చి, ఏళ్ల తరబడి దాచుకునేవారు.

మొన్న ఆషాఢంలో, మరిడమ్మ జాతర రోజుల్లో, మా మనవరాలు ఒక కాలేజీ కబురు కోసం పొద్దస్తమానం ఫోన్ చూసుకుంటూ కూర్చుంది. గడువు దాటాక ఆ మెయిల్ స్పామ్‌లో దొరికింది. ఫోన్ చేస్తే ‘మేం పంపేశామండి, వెళ్లినట్టే చూపిస్తోంది’ అన్నారు. వాళ్లన్నది అబద్ధమూ కాదు. అవతలి సర్వర్ మెయిల్‌ని పుచ్చుకుని, అందిందని చెప్పి, ఆ తర్వాత స్పామ్‌లో పడేస్తుంది. పంపినవాళ్లకీ చెప్పదు, రావలసినవాళ్లకీ చెప్పదు. జీమెయిల్లో అయితే 30 రోజులకి అది దానంతటదే చెరిగిపోతుంది కూడా. పోనీ తిరిగి అడుగుదామంటే ‘ఈ మెయిల్‌కి జవాబివ్వవద్దు’ అని అడుగున రాసుంటుంది. పిల్ల రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

మెయిల్‌ని అనుమానించడానికి కారణం లేకపోలేదు. 1978 మే 3న గ్యారీ థ్యూర్క్ అనే ఆయన ఇంటర్నెట్‌కి ముందున్న ఆర్పానెట్‌లో వందలమందికి ఒకేసారి కంప్యూటర్ల ప్రకటన పంపాడు. ఆ చెత్త అలా మొదలైంది. 1982లో ఖాయం చేసిన మెయిల్ పద్ధతిలో పంపేవాడు ఎవరి పేరైనా పెట్టుకోవచ్చు, నిజమా కాదా అని అడిగే ఏర్పాటే లేదు. అందుకే తర్వాత ఎస్‌పీఎఫ్ వచ్చింది: మా పేరుతో ఫలానా సర్వర్లే మెయిల్ పంపుతాయని సంస్థ ముందే ప్రకటించడం. డీకేఐఎమ్ అంటే ప్రతి మెయిల్‌కీ వేసే సీలు లాంటిది. 2024 ఫిబ్రవరి నుంచి రోజుకి 5,000కి మించి జీమెయిల్‌కి పంపేవాళ్లకి ఈ రెండూ, పరీక్ష తప్పిన మెయిల్‌ని ఏం చెయ్యాలో చెప్పే డీమార్క్ కూడా తప్పనిసరి అంది గూగుల్.

మరి మన కాలేజీలవాళ్లు? వెబ్‌సైటు ఎవరో కుర్రాడిచేత పెట్టించి, ఈ నమోదుల సంగతి మర్చిపోతారు. చవగ్గా వస్తుందని ఊరూపేరూ తెలియని పదిమందితో కలిసి ఒకే సర్వర్ వాడతారు. వాళ్లలో ఒకడు లాటరీ మెయిళ్లు పంపాడా, ఆ చిరునామా నుంచి వచ్చేవన్నీ అనుమానమే. పైగా మిషను పంపే మెయిళ్లన్నీ ఒకే మూస: రెండు ముక్కలు, ఒక లింకు, ‘వెంటనే నొక్కండి’. దొంగ మెయిల్ కూడా అచ్చం అలాగే ఉంటుంది. వడపోసే యంత్రం దేన్ని నమ్మాలి?

అనుమానిస్తే అనుమానించనీ. ‘మీకిది వచ్చింది, నాకు తేడాగా ఉంది, ఒకసారి చూసుకోండి’ అని ఇంటివాళ్లకి ఒక్క ముక్క చెప్పడానికేం? కాలేజీలు ఆ నమోదులేవో ముందు చేయించాలి, తెలిసినవాడికి అదేం పెద్ద పని కాదు. అంతవరకూ గడువున్న ప్రతి కబురుకీ పిల్లలకి ఫోన్ చెయ్యాలి, కాగితం మీద ఉత్తరమూ వెయ్యాలి. రిజిస్టరు పోస్టుని 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు గానీ, ఉత్తరం పట్టుకుని మా గుమ్మం దాకా మనిషి ఇప్పటికీ వస్తున్నాడు.