ఎండ బోర్డుకు టీకా తాత్పర్యం

మూలం: ఆగండి. ఎండ ప్రమాదం. ఉదయం 10 దాటాక నడక తగదు.

అవతారిక: లాంగ్ వీకెండ్ కదా అని పులిహోర డబ్బాలు సర్దుకొని, జూలైలో బే ఏరియా నుంచి కాలిఫోర్నియా ఎడారిలోని డెత్ వ్యాలీ నేషనల్ పార్కుకు దిగిన మనవాళ్లతో అక్కడి బోర్డు ఇట్లు పలుకుచున్నది.

ప్రతిపదార్థం: ఆగండి = ఏసీ కారు తలుపు తీయబోయే చేతిని అక్కడే ఆపుడు; ఎండ = 1913 జూలై 10న ఇక్కడి ఫర్నేస్ క్రీక్‌లో 56.7 డిగ్రీల సెల్సియస్‌గా నమోదై ప్రపంచ రికార్డైనట్టిది; ప్రమాదం = వేడికి గాలి పలచబడి రెస్క్యూ హెలికాప్టరు సైతం ఎగరలేనట్టిది; ఉదయం 10 = మనవాళ్లు హోటల్లో టిఫిను ముగించు వేళ; నడక = ఫొటో కోసం వేసే నాలుగడుగులును; తగదు = తగదు.

వ్యాకరణం: డెత్ వ్యాలీని తెలుగులో ‘మరణలోయ’ అనరాదు. మరణం తత్సమం, లోయ దేశ్యం, వైరిసమాసం. అయినా పది దాటాక అక్కడ నడిచేవాడికి ఈ వైరం లెక్కలోది కాదు.

పూర్వపక్షం: “మాది రెంటచింతల. మాకు ఎండ కొత్తా?”

సమాధానం: రెంటచింతలలో మిట్టమధ్యాహ్నం ఊరి బయట ఎవరు తిరుగుతారు నాయనా? తలుపులు బిగించి పడుకుంటారు. పైగా ఇక్కడి పొడిగాలిలో చెమట పుట్టీ పుట్టగానే ఆరిపోతుంది. చొక్కా తడవదు, మెడ మీద తెల్లటి ఉప్పుచార మాత్రం మిగులుతుంది. ఒళ్లు ఎండిపోతున్న సంగతి ఒంటికే తెలియదు. సముద్రమట్టానికి 86 మీటర్ల దిగువన, కొండల నడుమ పడి ఉన్న ఈ లోయలోని బ్యాడ్‌వాటర్‌లో వేడి బయటికి పోయే దారే లేదు.

తాత్పర్యం: మనిషికి రోజుకు కనీసం 4 లీటర్ల నీళ్లు కారులో ఉండాలి. కాఫీ ఫ్లాస్కు ఇందులో చేరదు. చాలాచోట్ల ఫోనుకు సిగ్నలుండదు. జీపీఎస్ చూపిన మట్టిదారినల్లా నమ్మరాదు. కారు మొరాయిస్తే దాన్ని వదిలి నడిచిపోరాదు. వెతికేవారికి మనిషికన్నా కారు ముందు కనబడుతుంది.

విశేషం: ఈ లోయకు ఆ పేరు పెట్టినవారు 1849లో దారితప్పి వచ్చిన బంగారు వేటగాళ్లు. వారు వచ్చింది చలికాలంలో. ఆ కాలానికే ఆ పేరు పెడితే, జూలైని ఏమనేవారో టీకాకారునికి తోచలేదు.

కనుక అయ్యా, అమ్మా, టికెట్లు నవంబరు, మార్చి నెలల మధ్య చూసుకోండి. ఎండాకాలమే సెలవు దొరికితే, సుమారు 1,670 మీటర్ల ఎత్తునున్న దాంతేస్ వ్యూ దాకా తెల్లవారుతుండగా కారులో వెళ్లి, పైనుంచి చూసి, పులిహోర తిని, తిరిగి రండి.