హెరాల్డు రెడ్డియారు

హెరాల్డు రెడ్డియారు గారి ఇంటికి దారి చెప్పడం తేలిక. ఏంబలంలో బస్సు దిగి, సుత్తి చప్పుడు వినబడే దిక్కుకి నడవండి. చప్పుడు లేకపోతే ఆయన ఊళ్ళో లేరన్నమాట. చెన్నై పుదుపేటలో, పాత మోటారు సామాన్ల కొట్ల మధ్య, ఏదో ఒక నట్టు కోసం గుట్టలు తవ్వుతూ ఉంటారు.

అసలు పేరు చెప్పను. చెప్పినా ప్రయోజనం లేదు, ఎందుకంటే ఆయన ఒక్క మనిషి కాదు, ఒక జాతి. ఆ జాతివాళ్ళు తెనాలిలో ఉన్నారు, కాకినాడలో ఉన్నారు, సికింద్రాబాదు మారేడుపల్లిలో ఉన్నారు. ఒకరి దగ్గర ఫియట్టు, ఒకరి దగ్గర విల్లీస్ జీపు, ఇంకొకరి దగ్గర కాంటెస్సా. పెంకుటింటి పక్కన టార్పాలిన్ కింద ఒక ఆకారం, దాని పక్కన కిరసనాయిలు డబ్బా, డబ్బా పక్కన చేతులు తుడుచుకుంటూ ఒక పెద్దమనిషి కనబడితే గుర్తుపట్టేయండి. “వచ్చే సంక్రాంతికి రోడ్డెక్కించేస్తా” అంటాడు. ఏ సంవత్సరం సంక్రాంతో అడగడం మర్యాద కాదు.

మావాడు మాత్రం ఏంబలం రకం. ఈ పుదుచ్చేరి పల్లెల్లో తరాలుగా ఉన్న రెడ్డియార్ల ఇళ్ళలో తెలుగు, వీధిలో తమిళం, తాతగారి దస్తావేజుల్లో ఫ్రెంచి. ఏంబలం ఉన్న ఈ నెట్టపాక్కం కమ్యూన్‌లోనే 1954 మార్చి 31న భారతదేశపు జెండా ఎగిరింది. అదే ఏడాది నవంబరు 1న ఫ్రెంచివాళ్ళు పాలన అప్పగించి వెళ్ళారు. నేను యానాం నుంచి బదిలీ మీద వచ్చిన గవర్నమెంటు ఉద్యోగిని. ఆయనదీ నాదీ ఒకే కేంద్రపాలిత ప్రాంతం, మధ్యలో మాత్రం 800 కిలోమీటర్ల పైచిలుకు పరాయి రాష్ట్రాలు. తెలుగువాడు దొరికాడన్న సంబరంతో పరిచయమైన మొదటి రోజే నా చేతిలో ఆయన ఒక స్పానరు పెట్టారు. “కాస్త పట్టుకో తమ్ముడూ” అన్నారు. ఇప్పటికీ పట్టుకునే ఉన్నాను.

కారు 1966 నాటి స్టాండర్డ్ హెరాల్డు, రెండు తలుపులది. లైసెన్సుల రాజ్యంలో మనవాళ్ళకి దొరికినవి ముఖ్యంగా మూడే కార్లు. కలకత్తా పక్క ఉత్తర్‌పారాలో అంబాసిడరు, బొంబాయిలో ఫియట్టు, మద్రాసు పక్క వండలూరులో స్టాండర్డ్. అంబాసిడరు మంత్రులకి, ఫియట్టు టాక్సీలకి పోగా, హెరాల్డు డాక్టర్లకీ ప్లీడర్లకీ మిగిలింది. రెడ్డియారు చిన్నప్పుడు ఒక డాక్టరు గారి హెరాల్డుని ముట్టుకుంటే కాంపౌండరు చేతిమీద ఒక్కటి వేశాట్ట. ఆ దెబ్బ నొప్పి ఇంకా తగ్గలేదని నా అనుమానం. మందు ఇప్పుడు వేసుకుంటున్నారు, భూమి అమ్మి.

ఆ కారు పుట్టుపూర్వోత్తరాలు ఆయన చెబుతుంటే పాలవాడు కూడా పాలు పొయ్యడం మరిచిపోతాడు. “గీసినవాడు ఇటలీ మిచెలోట్టి. కట్టినవాడు ఇంగ్లండువాడు. బిగించినవాడు వండలూరువాడు. విప్పినవాణ్ణి నేను.” ఈ చివరి మాట దగ్గర ఆయన గొంతులో వినబడే గర్వం మిచెలోట్టికి కూడా ఉండి ఉండదు.

విప్పడానికి అనువైన కారే అది. ఇంగ్లండులో స్టాండర్డ్‌వాళ్ళకి బాడీలు చేసిపెట్టే కంపెనీని 1953లో పోటీదారు బీఎంసీ కొనేసింది. ఇక మొత్తం బాడీ ఒక్క ముక్కగా చేసిచ్చే దిక్కు లేక, స్టాండర్డ్‌వాళ్ళు విడిగా చాసిస్ కట్టి, దాని మీద బాడీని ముక్కలు ముక్కలుగా బోల్టులతో బిగించారు. ముందు భాగమంతా, మడ్‌గార్డులతో సహా, ముందుకి ఎత్తితే లేచిపోతుంది. టైరు మీద కూర్చుని ఇంజన్ రిపేరు చేసుకోవచ్చు. ఇంగ్లండులో ఎవరో ఎవరినో కొనేసినందుకు ఇక్కడ ఏంబలంలో ఒక పశువులకొట్టం నిండా బాడీ ముక్కలు పేరుకున్నాయి. తలుపులు గడ్డివాము దగ్గర, డిక్కీ మూత వంటింటి అటక మీద. బానెట్టు మీద అమ్మగారు, అంటే రెడ్డియారు గారి భార్య, ఒక ఏడాది వడియాలు ఎండబెట్టారు. వడియాలు బాగా వచ్చాయి.

కుర్రాళ్ళు ఆయన దగ్గరికి సలహాకి వస్తారు. ఈ మధ్య ఇన్‌స్టాగ్రాములో పాత కార్ల బొమ్మలు చూసి ఉబలాటపడే కుర్రాళ్ళు ఎక్కువయ్యారు. వాళ్ళకి ఆయన చెప్పే మాటలు నిజంగా బంగారం. “ముందు కాగితాలు చూడు. ఆర్సీ బుక్కు లేని కారు ఇనుము, అంతే. తర్వాత కింద పడుకుని చాసిస్ చూడు. సముద్రపు గాలి, మన ఐప్పసి కార్తీక వానలు, ఈ రెండూ తినగా ఏం మిగిలిందో స్క్రూడ్రైవరుతో పొడిచి చూడు. ఇంజన్‌కి భయపడకు, లేత్ పనివాడు ఉన్నంతకాలం ఇంజన్ బాగవుతుంది. ఖర్చంతా రేకు పనిలో ఉంది. విడిభాగాలు దొరికే కారే కొను. అంబాసిడరు 2014 దాకా చేశారు, దానికి ఏ ఊళ్ళోనైనా సామాను ఉంటుంది. రంగు చూసి మాత్రం మోసపోవద్దు.” కుర్రాడు దణ్ణం పెట్టి వెళ్ళిపోతాడు. అప్పుడు అమ్మగారు లోపలినుంచి అంటారు: “ఈయన రంగు చూసే కొన్నారు. ఆకాశం రంగులో ఉందిట.”

మిగతావి కూడా అంతే. కాగితాలు చూడలేదు. కింద పడుకున్నారు గానీ, చాసిస్ చూడ్డానికి కాదు, ఆనందంతో. ఇక సామాను సంగతి. 1972లో హెరాల్డు స్థానంలో గెజెల్ వచ్చింది, అది 1977లో ఆగిపోయింది, 1985లో స్టాండర్డ్ 2000 అని మళ్ళీ ఒక ప్రయత్నం చేసి కంపెనీ మునిగింది. గెజెల్ సామాను కొంత సరిపోతుందని పుదుపేటలో ఎవరో అంటే రెడ్డియారు అన్నం మానేశారు. గెజెల్‌కి వెనక ఇరుసు మార్చేశారు. హెరాల్డుకి వెనక చక్రాలు రెండూ దేనికది ఊగుతాయి. మలుపులో వేగంగా తిప్పితే లోపలికి ముడుచుకుని కారు పల్టీ కొట్టే ప్రమాదం ఉంది. “ఉండనీ. అది దాని స్వభావం” అంటారు ఆయన. కన్నకొడుకు స్వభావం మీద ఇంత సహనం చూపించి ఉంటే వాడు కువైట్ పోయేవాడు కాదని వీధిలో అనుకుంటారు.

ముందు చక్రాల దగ్గర ట్రునియన్ అని ఒకటుంది. దానికి గ్రీజు కాదు, గేరాయిలు పట్టించాలి. పట్టించకపోతే అరిగి విరిగి, ఒకనాడు చక్రం పక్కకి ఒరిగిపోతుంది. హెరాల్డు కొన్నవాళ్ళలో సగంమందికి ఈ సంగతి చక్రం ఒరిగాకే తెలుస్తుంది. మావాడు మాత్రం శుక్రవారం శుక్రవారం, కొట్టంలో ఇటుకల మీద కూర్చున్న కారుకి, ఒక్క మిల్లీమీటరు కదలని చక్రాలకి, తప్పకుండా గేరాయిలు పట్టిస్తారు. అమ్మగారు అదే రోజు లోపల దీపం పెడతారు. ఇద్దరిలో ఎవరి నూనెకి ఎక్కువ ఖర్చవుతుందో నేను అడగలేదు.

ఖర్చంటే గుర్తొచ్చింది. దీనికంతా లెక్కపుస్తకం ఉంది. తేదీ, సామాను పేరు, వెల, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంటాయి. లేనిదల్లా కూడిక. ఏ పేజీ చివరా మొత్తం వేయరు. ఒకసారి నేను మనసులో కూడుతుంటే నా పెదాలు కదలడం చూసి పుస్తకం మూసేశారు. ఆ డబ్బుతో కొత్త మారుతి వచ్చేదని నేననలేదు. అలా అనేవాళ్ళు ఆయన్ని అపార్థం చేసుకున్నట్టే. ఆయనకి కారు అవసరం లేదు. కూరగాయలకి మోపెడు ఉంది, పెళ్ళిళ్ళకి అల్లుడి కారు ఉంది. కారు రిపేరు మాత్రం ఆయనకి అవసరం. పుదుపేటకి పోవడం, లేత్ షాపులో టీ, విల్లుపురంలో ఎవరి కొట్టంలోనో పాత స్టీరింగు ఉందని కబురు, ఆ కబురు వెంట నలుగురు మనుషులు, నలుగురితో పరిచయాలు. రిటైరయ్యాక కాలక్షేపానికి పేకాట క్లబ్బులో చేరితే ఇంతకంటే తక్కువ పోదు.

ఇంజన్ ఒకసారి స్టార్టయింది కూడా. వీధి వీధంతా వచ్చింది. 948 సీసీల ఇంజన్ ముందు ఉలిక్కిపడింది, తర్వాత దగ్గింది, ఆ తర్వాత కొట్టమంతా నీలంపొగ. కోళ్ళు ప్రహరీ దూకాయి. ఎదురింటి ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు, పొగకో పాతజ్ఞాపకానికో. కాసేపటికి పొగ తేలిపోయి, ఇంజన్ బుద్ధిగా, కుట్టుమిషన్ లాంటి సన్నటి చప్పుడుతో ఆడడం మొదలెట్టింది. రెడ్డియారు చెవి ఒగ్గి విన్నారు. ముఖంలో మెల్లగా ఆందోళన మొదలైంది. ఆపేశారు. “ఏమైంది రెడ్డిగారూ? బానే ఉందిగా?” అన్నాను. “అదే తమ్ముడూ. ఇంత బాగా ఎందుకు ఆడుతోంది? విప్పి చూడాలి” అన్నారు. మర్నాటికి పిస్టన్లు కిరసనాయిల్లో ఉన్నాయి.

2024 నవంబరు 30 రాత్రి ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గరే తీరం దాటింది. ఊరు ఊరంతా బియ్యం మూటలు అటకెక్కించుకుంటుంటే, రెడ్డియారు గారింట్లో అటక ఖాళీ లేదు, డిక్కీ మూత ఉంది. బియ్యం తడిసింది. మూత తడవలేదు. ఆ వారం ఆ ఇంట్లో తెలుగూ తమిళమూ ఏదీ వినబడలేదు.

మౌనం విరిగింది ఒక టీవీ కార్యక్రమం వల్ల. హైదరాబాదు సుధా కార్స్ మ్యూజియం చూపిస్తున్నారు. బూటు ఆకారంలో కారు, వంకాయ ఆకారంలో కారు, అన్నీ రోడ్డు మీద నడుస్తాయట. “ఇవన్నీ వేషాలు. నిజాంగారి చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి పసుప్పచ్చ రోల్స్‌రాయిస్ ఉంది, అదీ కారంటే” అన్నారు రెడ్డియారు. అమ్మగారు టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా అన్నారు: “హైదరాబాదులో వంకాయ నడుస్తోంది. ఏంబలంలో కారు నడవదు.”

గవర్నమెంటు మాత్రం ఆయన పక్షమే. పుదుచ్చేరిలో రోడ్డు టాక్సు తక్కువని ఎక్కడెక్కడి బెంజిలూ ఆడీలూ పీవై నంబరు కోసం ఒకప్పుడు ఇక్కడికి పరిగెత్తుకొచ్చేవి. “వాళ్ళు నంబరు కోసం ఊరు దాటి వచ్చారు. నాకు నంబరుంది, ఊరు దాటడమే లేదు” అని రెడ్డియారు నిట్టూర్చేవారు. 2021లో కేంద్రం వింటేజి వాహనాలకి విడిగా నియమాలు పెట్టింది. 50 ఏళ్ళు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బండికి ఆ హోదా వస్తుంది. కొత్తగా నంబరు కావాలంటే 20,000 రూపాయలు, నంబరులో ‘వీఏ’ అక్షరాలు. ఇదివరకే నంబరున్నవాళ్ళు పాతదే ఉంచుకోవచ్చు. ఆ నియమాల కాగితాన్ని ఆయన నాచేత రెండుసార్లు చదివించుకున్నారు. అసలు విశేషం ఆ తర్వాత ఉంది: అలాంటి బండిని రోజువారీగా తిప్పకూడదు. ప్రదర్శనలకి, ర్యాలీలకి, సాంకేతిక పరిశోధనకి, పెట్రోలు పోయించుకోడానికి, మరమ్మతుకి మాత్రమే రోడ్డెక్కాలి.

“మరమ్మతుకి!” అని రెడ్డియారు లేచి నిలబడ్డారు. తన జీవితానికి చట్టబద్ధత వచ్చిన మనిషి ముఖం అలా ఉంటుందని అప్పుడే చూశాను. అమ్మగారు మాత్రం గుమ్మంలో ఆగి, “రోజూ తిప్పకూడదా? మన కారు సంగతి ఢిల్లీదాకా ఎవరు మోశారు?” అన్నారు.

ఈ మధ్య కొత్త బెంగ ఒకటి పట్టుకుంది. బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తోంది, పాత రబ్బరు గొట్టాలకీ వాషర్లకీ అది పడదు. దానికి ముందు, 2000లో సీసం కలిపిన పెట్రోలు ఆపేసినప్పుడు వాల్వు సీట్లు అరిగిపోతాయని ఇలాగే నిద్రపోలేదట. అప్పటికింకా ఆయన కారు కొననేలేదు. ఇప్పుడు కొన్నారు గానీ, పెట్రోలు ట్యాంకు రేడియేటర్ షాపులో సోల్డరింగుకి పోయి తిరిగి రాలేదు. ట్యాంకు లేని కారుకి పెట్రోలు బెంగ.

పోయిన నెల తిండివనం నుంచి ఒకాయన హెరాల్డుని బేరం చేయడానికి వచ్చారు. అమ్మగారు కాఫీ స్వయంగా తెచ్చారు, రెండు చెంచాల చక్కెర ఎక్కువేసి. రెడ్డియారు నడిపించింది మాత్రం పెళ్ళిచూపులే. ఇంట్లో కొట్టం ఉందా? పడమటెండ పడుతుందా? ట్రునియన్‌కి ఏం పట్టిస్తారు? ఆయన తడుముకోకుండా “గేరాయిలు” అన్నారు. రెడ్డియారు ఖంగుతిని ధర పెంచారు. ఆయన ఒప్పుకున్నారు. ఇంకా పెంచారు. దానికీ ఒప్పుకున్నారు. నేను అమ్మగారి వంక చూశాను, ఆవిడ దేవుడి గది వంక చూస్తున్నారు.

అప్పుడు రెడ్డియారు చివరి ప్రశ్న వేశారు: “మీకు హెరాల్డే ఎందుకు కావాలి?”

“నా దగ్గర ఒకటుందండి. 67 మోడలు. తలుపులు, డిక్కీ మూత లేవు. మీ కారు తీసుకెళ్ళి దీనివి దానికి...”

మిగతాది రెడ్డియారు వినలేదు. “మీ దానికి పెట్రోలు ట్యాంకు ఉందా?” అని అడిగారు. ఉందట. చిల్లులు లేవట. “చూపించండి” అని చొక్కా వేసుకున్నారు.

ఆదివారం సాయంత్రం లారీలో తాళ్ళతో కట్టుకుని 67 మోడలు ఏంబలం వచ్చింది. విడిభాగాల కోసమేనని రెడ్డియారు వీధిలో కనబడ్డవాళ్ళందరికీ చెబుతున్నారు. కొట్టంలో చోటు చాలక ఆవుని ఎదురింట్లో కట్టారు. అమ్మగారు బండి చుట్టూ ఒకసారి తిరిగి, టైరుని కాలితో తన్ని చూసి, నన్ను పక్కకి పిలిచారు.

“తమ్ముడూ, యానాంలో మీ ఇంటి వెనక ఖాళీ స్థలం ఎంతుంది?”