పడడానికైనా నేల ఉండొద్దూ!

మా మనవరాలు హైదరాబాదు శివార్లలో ఇంజనీరింగు చదువుతోంది. ఈ ఏడాది వాళ్ళ కాలేజీలో ఆత్మరక్షణ అని ఒక క్లాసు పెట్టారు. వారానికి రెండు గంటలు. దానికో టీషర్టు, దానికో వాట్సాప్ గ్రూపు, వేలిముద్ర వేసి హాజరు, చివర్న సర్టిఫికెట్టు, పైన ఒక క్రెడిట్టు. క్రెడిట్టంటే ఏమిటే అనడిగితే, మార్కుల్లాంటిదే తాతయ్యా అంది. అంటే తన్నులు తప్పించుకోవడానికి కూడా మార్కులేస్తున్నారన్నమాట. కానివ్వండి.

క్లాసు ఎక్కడ జరుగుతుందీ అన్నాను. సెమినార్ హాల్లోనట. కుర్చీలన్నీ గోడవారకి జరిపి, నున్నటి పలకల మీద రబ్బరు చాపలు పరుస్తారట. “ఏసీ ఉంటుంది తాతయ్యా” అని నాకు ధైర్యం కూడా చెప్పింది.

“మరి గ్రౌండు లేదా?”

“ఉంది. అందులో బస్సులు పెడతారు.”

నాకు ఒళ్ళు మండింది అక్కడ.

మాది విజయనగరం. సాము గరిడీల ఊరు. వీరఘట్టంలో పుట్టి మా ఊళ్ళో పెరిగిన కోడి రామమూర్తినాయుడు గుండెల మీద ఏనుగును ఎక్కించుకున్న కథ వినకుండా మా వాళ్ళెవరూ పెరగలేదు. ఆయన 1942లో పోయాడు, నేను 1946లో పుట్టాను. అయినా కళ్ళారా చూసినట్టే చెప్పుకునేవాళ్ళం. మా పేటలో గరిడీ అంటే ఓ తాటాకుల పాక. నడుమ జల్లెడ పట్టిన ఎర్రమట్టి గోదా, అందులో కాస్త నువ్వులనూనె, పసుపు. తూర్పుగోడకి ఆంజనేయస్వామి పటం. మూల కర్రలు, ఎత్తే రాళ్ళు. ఫీజంటూ లేదు. శనివారం శనివారం స్వామికి కొబ్బరికాయ, ఏడాదికోసారి గురువుగారికి పంచెల చాపు, అంతే.

తెల్లారగట్ల నాలుగున్నరకి వెళితే, మొదటి మూడు నెలలు నన్ను కర్ర ముట్టుకోనివ్వలేదు. రోజూ పారతో గోదా తవ్వడం, గడ్డలు చిదపడం, నీళ్ళు చల్లడం, ఆ తర్వాత పడడం. అవును, పడడమే! వెనక్కి పడు, పక్కకి పడు, ఎవడో తోస్తే పడు, ఎవడూ తొయ్యకపోయినా పడు. విసుగొచ్చి కొట్టడం ఎప్పుడు నేర్పుతారండీ అంటే గురువుగారు నవ్వేవారు. “ముందు పడడం నేర్సుకోరా. సెయ్యి ఆన్సకు, మణికట్టు ఇరిగిపోద్ది. గెడ్డం గుండెకి తీసుకో. ఒళ్ళంతా ఒక్కసారే నేలకిచ్చీ. కొట్టడం సంగతి తర్వాత సూద్దుం.” ఆ తర్వాత అనేది ఏడాదికి వచ్చింది. ఆ ఏడాదిలో నా వీపుకి ఆ మట్టి రుచి తెలిసింది, ఆ మట్టికి నా వీపూ తెలిసింది.

ఇప్పుడేమో ఎనిమిది వారాల్లో మూడు దేశాలు తిప్పి తీసుకొస్తున్నారు. రెండు వారాలు జపాను కరాటే, రెండు వారాలు కొరియా టైక్వాండో, మిగతా నాలుగూ ఇజ్రాయెల్‌వాళ్ళ క్రావ్ మగా. చెరుకుగడ నమిలినట్టు నమలాల్సిన విద్యను చెరుకురసంలా గ్లాసులో పోసి ఇచ్చేస్తే ఎలా? బెల్టులంటే ఎంత మోజో! జపానులో కానో జిగోరో 1882లో జూడో పాఠశాల తెరిచాడు, నల్లబెల్టు కట్టించే పద్ధతీ ఆయనదే. ఆ జూడోలో కూడా మొదటి పాఠం పడడమే. బెల్టు మాత్రం తెచ్చుకున్నాం, పడడం అక్కడే వదిలేశాం.

అసలు పిల్లల్ని అని లాభం లేదు. మా మనవరాలు పదో తరగతి కాగానే ఇంటర్‌మీడియట్‌కని ఓ ఆరంతస్తుల మేడలో పడింది. కింద చెప్పుల దుకాణం, పైన కాలేజీ. పొద్దున్నుంచి రాత్రిదాకా స్టడీ అవర్లు. రెండేళ్ళు ఆ పిల్ల కాలికి మట్టి అంటలేదు. ఆటల పీరియడేదీ అంటే, వార్డెనుగారు నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది, అప్పు అడగడానికి వచ్చినవాడిని చూసినట్టు. రెండేళ్ళు కుర్చీకి కట్టేసి, ఇంజనీరింగులో చేర్చాక ఆత్మరక్షణ నేర్పుతారు. ముందు ఆ మేడ మెట్లు ఆయాసపడకుండా ఎక్కడం నేర్పాల్సింది.

మా కాలేజీ రోజుల మాటకొస్తే, 1962లో చైనాతో యుద్ధం అయింది కదా, ఆ మరుసటేడే మగపిల్లలందరికీ ఎన్‌సీసీ తప్పనిసరి చేశారు. ఇష్టమున్నవాళ్ళే చేరొచ్చు అనడానికి 1968 దాకా పట్టింది, ఈలోగా నా డిగ్రీ అయిపోయింది. సావధాన్, విశ్రామ్, దాహినే ముడ్. హిందీ ముక్క రాని మాకు దాహినే అంటే ఎడమో కుడో తేలడానికి నెల పట్టింది. పక్కవాడి భుజం ఎటు తిరిగితే అటు తిరగడమే, వాడేమో నన్ను చూసి తిరిగేవాడు. త్రీనాట్‌త్రీ తుపాకీ నాలుగు కిలోల బరువు, పేలిస్తే గాడిద తన్నినట్టు తన్నేది. పెరేడు అయ్యాక పెట్టే పూరీలకోసం అన్నీ భరించాం. ఆ పెరేడు మైదానంలో ఈ చివర పిలిస్తే ఆ చివరకి వినబడేది కాదు, అంతుండేది.

మధ్యలో మావాడి కాలం ఒకటుంది. ‘ఎంటర్ ది డ్రాగన్’ వచ్చి, ఆ తర్వాత తెరమీద సుమన్, భానుచందర్ కాళ్ళు లేపేసరికి వీధికో కరాటే బోర్డు లేచింది. మావాడు అరచేత్తో పగలగొట్టడం సాధన చేసిన బెంగుళూరు పెంకులు మా ఇంటి కప్పువే. ఆ వానాకాలం గిన్నెలు పెట్టుకుని పడుకున్నాం.

ఇదంతా చెప్పి, సర్టిఫికెట్టు లేకుండా కోడి రామమూర్తి అంతవాడు కాలేదటే అన్నాను. మనవరాలు ఫోన్లో వెతికి తీసింది. ఆయన మద్రాసు సైదాపేటలో ఏడాదిపాటు వ్యాయామశిక్షణ పొంది, సర్టిఫికెట్టు పట్టుకొచ్చి, విజయనగరం హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుడుగా చేరాడట. ఆయన సర్కసు పెట్టడం ఆ తర్వాతి మాటట. ఊరివాణ్ణి నేను, చెప్పింది అది. మజ్జిగ తాగి ఊరుకున్నాను.

అంతటితో వదల్లేదు. “మీ గరిడీలోకి చిన్న మామ్మని రానిచ్చేవారా?” అంది. చిన్న మామ్మంటే మా చెల్లెలు. రానిచ్చేవారు కాదు. ఆడపిల్ల ఆ గుమ్మం తొక్కడం మేం ఎరగం. మా చెల్లెలు పశువులశాల వెనక నా కర్ర దొంగతనంగా తిప్పుకునేది, నాకంటే బాగా తిప్పేది. చూసి కూడా నేను ఇంట్లో పెద్దవాళ్ళతో ఒక్క మాట అనలేదు. తర్వాత మా పక్క శ్రీకాకుళం జిల్లానుంచే కరణం మల్లీశ్వరి వెళ్ళి 2000లో సిడ్నీలో బరువులెత్తి ఒలింపిక్ పతకం తెచ్చింది. టీవీ ముందు మా చెల్లెలు మాట్లాడకుండా కూర్చుంది. ఆ విషయంలో మా రోజులు మంచివని నేను అనను.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. మొన్న సంక్రాంతి ముందు స్నానాలగదిలో కాలు జారాను. పదిహేనేళ్ళ వయసులో ఏడాదిపాటు రోజుకి వందసార్లు పడినవాణ్ణి, ఏం చేశానంటారా? చెయ్యి ఆన్చాను. మణికట్టు విరిగింది. మనవరాలు వచ్చి కట్టు చూసి, “చెయ్యి ఆనించకూడదు తాతయ్యా, గడ్డం లోపలికి తీసుకోవాలి” అంది. క్లాసులో మొదటి వారమే చెప్పారట! గురువుగారి మాటే, ఏసీ గదిలోనుంచి తిరిగొచ్చింది. సరే, పడడం అక్కడే వదిలేశామన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

పోయిన నెల కాలేజీవాళ్ళు వీళ్ళని కొండెక్కడం నేర్పడానికి భువనగిరి కోటకి తీసుకెళ్ళారు. అదంతా ఒకే రాతిగుండు. ఎవరెస్టు ఎక్కిన మలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ తాళ్ళు పట్టుకోవడం నేర్చుకున్నది అక్కడే. పూర్ణ శిఖరం మీద నిలబడిన 2014 మే నాటికి ఆ పిల్లకి పద్నాలుగేళ్ళు నిండలేదు. మేం రామతీర్థం కొండ ఉత్తికాళ్ళతో ఎక్కేవాళ్ళం, తాడూ లేదు హెల్మెట్టూ లేదు అని గొప్పగా మొదలెట్టాను గాని, తాడు లేక జారి కాలు పోగొట్టుకున్న మావాడొకడు గుర్తొచ్చి ఆపేశాను. మనవరాలు మోకాలు గీరుకుపోయి వచ్చింది. ఇంట్లో అందరూ అయ్యో అన్నారు. నాకు మాత్రం ఆ మోకాలి మీద మట్టి చూస్తే ప్రాణం లేచొచ్చింది.

కాబట్టి కాలేజీలవారికి నా మనవి ఇది. క్రెడిట్లు ఇచ్చుకోండి, బెల్టులు కట్టుకోండి, టీషర్టులు పంచండి, నాకేం అభ్యంతరం లేదు. గ్రౌండులో ఉన్న బస్సుల్లో ఓ రెంటిని రోడ్డు మీద నిలబెట్టుకోండి. ఆ మేర తవ్వించి రెండు లారీల ఎర్రమట్టి పోయించండి. జల్లెడ పట్టడానికి నేను వస్తాను. నా కట్టు విప్పేశారు.