పేడనీళ్ల పండగ

చైత్రంలో ఇటుకల పండగ వచ్చిందంటే అరకు, అనంతగిరి ఊళ్లలో మగాళ్లకి పరువు సమస్యే. దిసారి మంచిరోజు చూసి చెబుతాడు. విత్తనాలకి పూజ అయ్యాక ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా దుంగ వేసి, వచ్చేపోయే బళ్ల దగ్గర పండగ డబ్బులు వసూలు చేస్తారు. మగాళ్లు విల్లంబులు, బరిసెలు పట్టుకుని వేటకి పోతారు. ఉత్తచేతులతో తిరిగొస్తే ఊరి మొదట్లోనే ఆడవాళ్లు పేడనీళ్లతో తలంటుతారు.

గాలికొండ దిగువన ఒక ఊళ్లో ఆ ఏడు కొత్త చిక్కొచ్చింది. ఊరి కుర్రాడికే అటవీశాఖలో వాచర్ పని దొరికింది. కాకీ చొక్కా, కొత్త బూట్లు ఇచ్చారు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వేట నేరమనీ, కణుజుని కొడితే జైలేననీ చెప్పి పంపారు. ఆ మాట ఊళ్లో ఎత్తితే నాలుగు తిట్లు తప్పవు. వేట సంగతి పైవాళ్ల చెవిన వేస్తే ఊళ్లో ఇంక మంచినీళ్లు పుట్టవు.

వేటకి ముందురోజు సాయంత్రం ఒక్కడే గెడ్డ పక్కనున్న ఊటనేలకి వెళ్లాడు. తుంగ దట్టంగా మొలిచిన చిత్తడి అది. ఎండలకి కొండమీద గుంటలు ఇంకిపోతే కణుజులు నీళ్లకి అక్కడికే దిగుతాయి. అనుకున్నంతా అయింది. బురదనిండా చీలిన గిట్టల అచ్చులు. నేల మెత్తన కావడంతో మడమ వెనకుండే చిన్న గిట్టలు కూడా దిగబడ్డాయి. ఒక అచ్చులో ఊరిన నీళ్లు ఇంకా తేటపడలేదు. అంటే జంతువు ఇప్పుడే లేచి వెళ్లింది. పెంటికలు తడి ఆరక నల్లగా మెరుస్తున్నాయి. తుంగ చిగుళ్లు కొరికిన చోట పసరు కారుతోంది. పెద్ద అచ్చుల పక్కనే, వాటిలో సగం కూడా లేని చిన్న అచ్చులు. తల్లీ పిల్లా!

ఆకుకొమ్మ ఒకటి విరిచి, ఊట నుంచి దారిదాకా గిట్టల గుర్తులన్నీ తుడిచేశాడు. పెంటికలు ఏరి గెడ్డలో కలిపాడు. ఈ ముసలోళ్ల బారినుంచి అడవిని కాపాడటానికి తానొక్కడే మిగిలాననుకుంటూ ఇంటికొచ్చి పడుకున్నాడు.

తెల్లారి వేటకి ఊరి నాయుడు తాతే పెద్ద. జాడ పట్టడంలో ఆ చుట్టుపక్కల ఆయన్ని మించినవాడు లేడని పేరు. ఊట దగ్గర ఆగి గొంతుక్కూర్చున్నాడు. బురద వేలితో తీసి నలిపాడు. కొరికిన తుంగ వంక అదే పనిగా చూశాడు. కుర్రాడికి పైప్రాణాలు పైనే పోయాయి.

“ఏటీ నేదు. అవతలి కొండకి పదండి” అన్నాడు తాత.

అవతలి కొండమీద పొద్దుగుంకేదాకా తిరిగినా ఒక్క కుందేలు లేవలేదు. ఊరి మొదట్లో ఆడవాళ్లు కుండలతో సిద్ధంగా ఉన్నారు. పెద్దవాడు గనక మొదటి కుండ తాత నెత్తినే బోర్లించారు. “కళ్లు ఆనకపోతే ఇంటికాడ పడుండనేకపోనావా!” అని వెక్కిరింపులు వేరే.

బోరింగు దగ్గర ఒళ్లు కడుక్కుంటుంటే కుర్రాడికి తాత మీద జాలేసింది. తన తెలివికి కాస్త మురిపెమూ కలిగింది. “పెద్దోడివైపోయావు తాతా! వచ్చే ఏడు జాడ చూసే పని కుర్రాళ్లకి ఒప్పజెప్పు” అన్నాడు.

తాత చెవిలో పేడ తీసుకుంటూ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

“కణుజు అడుగులు బాగానే తుడిసినావురా. ఊటకాణ్నుంచి నీ గుమ్మందాకా నీ బూటు అడుగులు ఎవుడు తుడుస్తాడనుకున్నావు? కోడి కుయ్యకముందే నేచి నానే తుడిసినాను. వచ్చే ఏడు ఒట్టికాళ్లతో ఎల్లు. మీ అయ్య అలాగే ఎల్లీవోడు.”