పాకలో నెల్లూరు గొర్రె

డిసెంబరు వచ్చిందంటే మా చిన్నబజారులో మంచు అమ్మకానికొస్తుంది. దూదిని పొట్లాలు కట్టి, మీద తళుకు చల్లి మంచంటారు. నెల్లూరులో డిసెంబరంటే వాయుగుండాలు. 2023లో మిచాంగ్ తుపాను డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది గానీ, దాటేలోపు మమ్మల్ని నానబెట్టి వదిలింది. ఇట్టాంటి ఊళ్లో హాలు మూల దూది పరిచి, పైన ఫ్యానేసుకుని కూర్చుంటే ఆ మంచు కాస్తా లేచొచ్చి పులుసులో పడుతుంది. ఆ మాటకొస్తే బేత్లెహేములో ఆ రాత్రి మంచు కురిసిందని సువార్తల్లో ఎక్కడా లేదు.

అందుకని మా ఇంట్లో ఒక చట్టం చేశాను. క్రిస్మస్‌కు ఆ మూల పెట్టే ప్రతిదీ నెల్లూరు జిల్లాదై ఉండాలి.

అసలు మా ఇంటికి పశువుల పాక వచ్చిందే మా ఆవిడతో. వాళ్లు కథోలికులు. మేం బాప్తిస్టులం, మా పెద్దోళ్లకు బొమ్మలంటే కాస్త బెరుకు. ఆమె పక్షాన అస్సీసీ ఫ్రాన్సిస్ ఉన్నాడు. 1223లో ఇటలీలో గ్రెచ్చో అనే పల్లెలో నిజం ఎద్దునీ గాడిదనీ నిలబెట్టి పాక కట్టించింది ఆయనే. చూడండి, ఆయనా ఊళ్లో పశువుల్నే వాడుకున్నాడు. చట్టానికి అంతకన్నా ఆధారమేం కావాలి?

చెట్టుకు సమస్య లేదు. మైపాడు వైపు నుంచి సరుగుడు కొమ్మ తెస్తాం. అదీ సముద్రం దాటొచ్చిందే. 19వ శతాబ్దంలో దొరలు రైలింజన్ల పొయ్యిలోకి కట్టెలు కావాలని మద్రాసు తీరం పొడుగునా నాటించారు. ఇన్నేళ్లయ్యాక దానికి స్థానికత ఇవ్వకపోతే బాగుండదు.

చిక్కంతా గొర్రెలతోనే. కొట్లో గొర్రెలన్నీ కాలీఫ్లవర్ పువ్వుల్లా ఉన్నితో ఉబ్బి ఉంటాయి. మా గొర్రెకు ఉన్నెక్కడిది? ఒంటినిండా పొట్టి వెంట్రుకలే. పొడుగు కాళ్లు, దేశంలో ఇంత ఎత్తు గొర్రె జాతి ఇంకోటి లేదు. ఒళ్లంతా తెల్లగా ఉంటే పల్ల, ఎర్రగా ఉంటే దొర, తెల్లటి ఒంటి మీద కళ్ల చుట్టూ, మూతి దగ్గర నల్లమచ్చలుంటే జొడిపి. నేను మట్టి గొర్రెల్ని కొనుక్కొచ్చి, ఉన్ని గరుకంతా ఉప్పుకాగితంతో గీకి, సన్నకుంచెతో కళ్లచుట్టూ నల్లరంగు దిద్దుతూ కూర్చున్నాను.

మా అత్తగారు గుమ్మంలో నిలబడి కాసేపు చూశారు. నాతో నేరుగా మాట్లాడరు.

“ఏందమ్మే, మీ ఆయన గొర్రెలకు కాటుక పెడతా ఉండాడు?”

“జొడిపంట మా, ఊరుకో.”

ఆవు పక్కింటి పంతులుగారి ఆవిడ బొమ్మలకొలువులోది. సంక్రాంతికి ముందే తిరిగిచ్చెయ్యాలని షరతు. తెల్లటి ఒంగోలు ఆవు, మూపురం సహా. ఒంగోలుదైతే చట్టం ఒప్పుకుంటుందా అంటారా? 1904లో గుంటూరు జిల్లా పుట్టేదాకా ఒంగోలు తాలూకా మా జిల్లాదే. బ్రెజిల్ వాళ్లు ఓడల్లో తోలుకుపోయిన ఆ జాతికి ఇప్పటికీ నెలోరి అనే పేరు. అక్కడి మందల్లో పెద్దభాగం ఆ సంతతే. ఒంగోలు చుట్టాలొచ్చిన రోజు మాత్రం ఈ ప్రస్తావన తేను.

పచ్చికకు మూకుళ్లలో మొలగొలుకుల వడ్లు చల్లాం. పొడుగు పైరు కదా, పండగ రాకముందే ఒంటెలు కనిపించకుండా పోయాయి. ముగ్గురు జ్ఞానులు పొలంలో పడి వెతుక్కుంటున్నట్టే ఉంది వ్యవహారం.

నక్షత్రం మాత్రం మా వంతు. 1840లో సామ్యూల్ డే దొర నెల్లూరులో బాప్తిస్టు మిషను పెట్టాడు. ఏళ్లు గడిచినా ఫలితం అంతంత మాత్రం. 1853లో అమెరికాలో ఆల్బనీ సభలో దాన్ని మూసేద్దామా అని చర్చ నడిచింది. పటంలో నెల్లూరు ఒంటరి నక్షత్రంలా ఉందని ఎవరో అన్నారట. సామ్యూల్ స్మిత్ అనే కవి ఆ రాత్రికి రాత్రే దానిమీద పద్యం రాశాడు. మిషను నిలబడింది, లోన్ స్టార్ అని పేరూ పడింది. కాబట్టి మా పాక మీద ఒక్కటే నక్షత్రం. చైనా దీపాల తోరణాలకు తావు లేదు.

అంతా అయ్యిందనుకుంటే మా వాడు అట్టముక్కలతో చేసిన పీఎస్ఎల్వీ తెచ్చాడు.

“నక్షత్రం పక్కన రాకెట్టు పెడదాం నాన్నా.”

“శ్రీహరికోట ఇప్పుడు మనది కాదురా. 2022లో సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి పోయింది.”

వాడు పాక వెనక ఆకాశంగా కట్టిన నాయనమ్మ పాత వెంకటగిరి చీర వైపు వేలు చూపించాడు.

“మరి వెంకటగిరో?”

అదీ అప్పుడే పోయింది. ఆకాశం విప్పాలి, లేదా రాకెట్టు రానివ్వాలి. మా ఆవిడ చట్టానికి అక్కడికక్కడే సవరణ చేసింది.

ఈ 25న మీరూ మా ఇంటికి రండి. గొర్రెల్ని మాత్రం ముట్టుకోబాకండి, రంగింకా ఆరలేదు.