పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రమా?

జంషెడ్‌పూర్ నుంచి ఏటా జూన్‌లో పల్లెలకు వానాకాలపు జాగ్రత్తలు రాసి పంపే పెద్దల సమక్షానికి,

విషయం: తమరి కరపత్రం అందింది. పాటించడంలో ఎదురయ్యే చిన్న చిన్న ఇబ్బందుల గురించి మనవి.

అయ్యా,

కరపత్రం చాలా బాగుంది. రంగుల బొమ్మలు, నున్నటి కాగితం, అడుగున చిరునవ్వుతో ఒక ఫొటో. నేను పల్లెవాణ్ణి కాదు. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఇనుప కర్మాగారం పనికి వచ్చి జంషెడ్‌పూర్ కద్మాలో స్థిరపడ్డాడు. మాకు కొళాయి తిప్పితే నీళ్ళు, జ్వరమొస్తే పెద్దాసుపత్రి. మీ కాగితం నా చేతికి వచ్చింది సాక్చి బజారులో. పటమ్‌దా నుంచి కూరగాయలు తెచ్చి అమ్మే మాసీ ఒకావిడ దాన్ని నాకందించి, 'ఏం రాశారో చదివి చెప్పు బాబూ' అంది. ఆవిడకు బెంగాలీ, సంతాలీ వచ్చు. మీదేమో దూరదర్శన్ వార్తల హిందీ.

'ఉరుములు వినిపించినచో పొలములో ఉండరాదు. చెట్టు కింద నిలబడరాదు. కారులో ఉన్నవారు అద్దాలు ఎక్కించుకోవలెను' అని నాకు తోచిన బెంగాలీలో చెప్పాను. మాసీ బెండకాయలు తూస్తూనే, 'కారు పంచాయతీలో ఇస్తారా, బ్లాకాఫీసులోనా?' అని అడిగింది. ఆ సందేహం తీర్చే అధికారం నాకు లేదు కనక తమకు రాస్తున్నాను.

తమరికి తెలియనిది కాదు, ఈ జిల్లాలో వరి చాలామటుకు వాన మీదే ఆధారం. ఆషాఢ శ్రావణాల్లో గట్టి వాన పడి మడి నిండిన రోజే నాట్లు. ఆ అదను తప్పితే నారు ముదురుతుంది, ముదిరిన నారు సరిగ్గా పిలకలు వెయ్యదు. పొలంలోకి దిగమనేదీ, పొలంలోంచి పొమ్మనేదీ ఒకే మబ్బు. తమరేమో మేడ మీద బట్టలు ఆరేసుకునేవాళ్ళకీ, మోకాలి లోతు బురదలో నడుం వంచి నాటేవాళ్ళకీ కలిపి ఒకటే ముక్క రాసి ఊరుకున్నారు. పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం అని మావాళ్ళు వెక్కిరింతగా అంటారు. మీరు దాన్ని అక్షరాలా అమలు చేశారు.

రాయాలంటే ఎంతో ఉంది. మెరుపు కనబడగానే అంకెలు లెక్కపెట్టమనండి. మూడు సెకన్లకు సుమారు ఒక కిలోమీటరు. ముప్ఫై లోపు ఉరిమిందంటే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉంది, గట్టెక్కాలి. ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్ళీ దిగకూడదు. సరే, గట్టెక్కి ఎక్కడికి పోవాలి? కనుచూపు మేరలో ఉన్నది ఒక ఇప్పచెట్టు. పక్కా కప్పూ, దాని మీద పిడుగును భూమిలోకి దించే కడ్డీ ఉన్న గది ఏ పొలాల దగ్గరుందో ఆ కాగితంలో ఉంటే చదివినందుకు ఫలితం. అది కట్టవలసింది మాసీ కాదు కాబట్టి జాగ్రత్తల్లోకి ఎక్కలేదనుకుంటాను.

పిడుగు పడ్డ మనిషిని మెడదాకా పేడలో కప్పెడితే బతుకుతాడని ఇక్కడ కొన్ని పల్లెల్లో నమ్మకం. ఆ మనిషి ఒంట్లో కరెంటు మిగిలి ఉండదు, నిర్భయంగా ముట్టుకోవచ్చు. ఆగిపోయేది గుండె, ఊపిరి. వెంటనే రొమ్ము నడుమ రెండు చేతులూ ఆనించి నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉంటే కొందరు బతికి బయటపడతారు. పేడకుప్ప దగ్గర పోయేవి ఆ నిమిషాలే. కరపత్రంలో ఈ సంగతి లేదు. చనిపోతే 4 లక్షల పరిహారం అన్నది మాత్రం పెద్దక్షరాల్లో ఉంది. దానికి పోస్టుమార్టం కాగితం అడుగుతారన్న సంగతి దహనం అయ్యాక తెలుస్తుంది కాబోలు.

ఇక దోమలు. 'ఇంటి చుట్టూ నీరు నిలవనివ్వరాదు.' వరి పండించేవాడి ఇంటి చుట్టూ ఏముంటుందండీ? ఆ నీళ్ళు నిలవడం కోసమే కదా జ్యేష్ఠం నుంచీ మబ్బుకేసి చూసేది! రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులో దోమ పొట్టలో మలేరియా క్రిమిని పట్టుకున్నాడు. అయినా మెదడుకెక్కే రకం మలేరియా జార్ఖండ్ అడవి పల్లెల్ని ఇంకా వదల్లేదు. జ్వరం వచ్చిన రోజే సహియా దీదీ చేత (మన ఆశా అక్కే, ఇక్కడి పేరు అది) వేలు గుచ్చి పరీక్ష చేయించుకోవడం, మందు పూసిన దోమతెర కట్టుకోవడం, పొలం ఎండబెట్టకుండా చేయగలిగినవి ఇవి.

ఆ దోమతెర అంచుల్ని చాప కిందికి దోపుకుని పడుకుంటే పాము కూడా లోపలికి రాదు. ఇది రాయాల్సింది. కట్లపాము రాత్రిళ్ళు తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్ళు దాని బారిన ఎక్కువగా పడతారు. చాలాసార్లు నొప్పి ఉండదు, వాపు ఉండదు, గాటు కనబడదు. పిల్ల నడిరాత్రి లేచి కడుపునొప్పి అంటుంది, గొంతు పట్టేసిందంటుంది. తల్లి అజీర్తి అనుకుని వాము నమిలిస్తుంది. తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోతాయి, ఆ తర్వాత ఊపిరి అందదు. మీ కాగితంలో బొమ్మ పాము పడగ విప్పి బుసకొడుతోంది. కట్లపాముకు పడగ లేదండీ.

'పాము కరిచినచో ఓఝా వద్దకు పోరాదు, ఆసుపత్రికి పోవలెను.' ఓఝా అంటే ఇక్కడి మంత్రగాడు. మాట నూటికి నూరుపాళ్ళు నిజం. మంత్రానికి విషం దిగదు. విషం లేని పాము కరిచినప్పుడూ, విషప్పామే విషం వదలకుండా కరిచినప్పుడూ ఓఝాకు పేరొస్తుంది, అంతే. అయినా జనం అటే ఎందుకు పోతారో చూడండి. రాత్రి రెండింటికి ఆయన తలుపు తీస్తాడు. స్టాకు లేదనడు. పై ఆసుపత్రికి తీసుకుపొమ్మని చీటీ రాయడు. ఆయన మాట్లాడేది వాళ్ళ భాష. అదే డుమరియా కొండపల్లె నుంచైతే రోగిని నులకమంచం మీద రోడ్డు దాకా మోసుకొచ్చి 108 కోసం నిలబడాలి. ఇంతా చేసి వెళ్ళాక అక్కడ పది సీసాల విరుగుడు ఉండాలి (మొదటి మోతాదే అంత), అది పడకపోతే ఇవ్వడానికి ఎడ్రినలిన్ ఉండాలి, ఊపిరాగితే చేత్తో గాలి కొట్టే సంచి ఉండాలి, వాటిని వాడ్డానికి జంకని డాక్టరు రాత్రి డ్యూటీలో ఉండాలి. ఈ నాలుగూ ఏయే కేంద్రాల్లో ఉన్నాయో కరపత్రం చెప్పదు.

2000 నుంచి 2019 దాకా దేశంలో సుమారు 12 లక్షల మంది పాముకాటుతో పోయారని 2020లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా. చావులు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో జార్ఖండ్ ఉంది, మా ఆంధ్రా ఉంది. 2030 నాటికి వీటిని సగానికి దించుతామని కేంద్రం 2024 మార్చిలో ప్రణాళిక విడుదల చేసింది. పాముకాటు కేసుల్ని తప్పక నమోదు చేయించమని అదే ఏడాది నవంబరులో రాష్ట్రాలకు రాసింది. మంచిదే. ఓఝా వాకిట్లో పోయినవాళ్ళు ఏ రిజిస్టరులోనూ ఉండరు మరి. ఎందులో సగం తగ్గిస్తారు?

నీళ్ళు ఇరవై నిమిషాలు మరిగించమన్నారు. తెర్లా కాగి ఒక్క నిమిషం మరిగితే చాలు. మిగతా పందొమ్మిది నిమిషాల కట్టెలూ దల్మా కొండవాలు నుంచి ఎవరి నెత్తిన వస్తాయో తమరు ఆలోచించినట్టు లేదు. లీటరు నీళ్ళకు ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు అని విరేచనాలకు సరిగ్గానే రాశారు. కృతజ్ఞతలు. 'అడవి పుట్టగొడుగులు తినరాదు' అన్న ముక్క మాత్రం మాసీకి చదవలేదు. సాల్ చెట్ల కింద రుగ్డా పుట్టగొడుగులు ఏరుకొచ్చేది వాళ్ళయితే, వాటిని బేరమాడి కొనుక్కుపోయేది మన పట్నంవాళ్ళమే. ప్రాణం తీసే రకం పుట్టగొడుగు తింటే వాంతులు ఒక పూట ఆలస్యంగా మొదలై, తగ్గినట్టే తగ్గుతాయనీ, ఆ తర్వాత కాలేయం దెబ్బతింటుందనీ, తగ్గిందని ఇంట్లో కూర్చోవద్దనీ రాసి ఉంటే చదివేవాణ్ణే.

వచ్చే జూన్‌లో ఆ ఫొటో తీసేస్తే కొంత జాగా మిగులుతుంది. అక్కడ తమరు పాటించే జాగ్రత్తలు వేయించండి: ఏ ఆరోగ్య కేంద్రంలో రాత్రి ఎవరుంటారు, పాము విరుగుడు ఎన్ని సీసాలుంది, ఏ బడి కప్పు మీద కడ్డీ బిగించారు. బెంగాలీలో, ఒడియాలో, హో భాషలో, ఓల్ చికీ లిపిలో సంతాలీలో వేయించండి. నాట్లు మొదలయ్యేలోపు అందేట్టు చూడండి.

ఇట్లు
తమ విధేయుడు
కద్మా వాసి

నకలు: ఓఝా గారికి, తగు సమాచారం నిమిత్తం. రాత్రివేళ కూడా అందుబాటులో ఉంటారు గనక.